చేపలకు తెలుగు పేరు నిలిపిన వైద్యుడు

విశాఖపట్టణపు రేవులో తెల్లవారుజామున తెప్పలు ఒడ్డు చేరే వేళకు ఇసుకమీద నిలిచి వెనుకకు తిరిగి చూచినవారికి దూరాన తూర్పు కనుమలు నీలిగీతవలె కానవస్తవి. ఆ గీతకు ఆవలివైపున అనంతగిరి, అరకులోయ. ఈవల సముద్రం. ఉప్పు, ఎండుచేప ఇక్కడినుండి కొండలెక్కి మన్యపు సంతలకు పోవుటయు, పసుపు, చింతపండు, అడ్డాకులు అక్కడినుండి కొండ దిగి వచ్చుటయు ఎన్నో తరాలుగా సాగుతున్న వ్యవహారం. అనంతగిరి కొండలలో పుట్టిన గోస్తనీనది బొర్రాగుహల క్రిందుగా ప్రవహించి భీమునిపట్టణంవద్ద సముద్రాన్ని కలుస్తుంది. కొండనూ కడలినీ కలిపి కుట్టిన దారము ఆ నది.

ఈ నేలమీద ఎనిమిదేండ్లకు లోపుగా మాత్రమే నివసించిన ఒక విదేశీయుడు ఇక్కడి పాములకు, చేపలకు మన పల్లెజనం పెట్టుకొన్న పేర్లను పదిలంగా వ్రాసుకొని పోయి లండనులో అచ్చువేయించినాడు. ఆ పేర్లలో కొన్ని ప్రపంచపు శాస్త్రగ్రంథాలలో నేటికీ నిలిచి ఉన్నవి. ఆయన పేరు పాట్రిక్ రస్సెల్. మన విద్యార్థులకు ఆయన పేరు తెలిసినంతవరకు ఒక విషసర్పము పేరుగానే తెలుసును. రక్తపింజరను ఆంగ్లంలో రస్సెల్ పాము అంటారు. ఒక వైద్యుని జీవితకాలపు శ్రమ ఒక పాము పేరులో ముడుచుకొనిపోవుట విచిత్రమే. ఆ ముడి విప్పి చూడవలసిన అవసరం ఉన్నది.

స్కాట్లండు రాజధానియైన ఎడింబరోలో, 18వ శతాబ్దపు మొదటి పాదం ముగిసిన కొలదినాళ్లకు, జాన్ రస్సెల్ అనే న్యాయవాది ఇంట ఆయన జన్మించినాడు. కుటుంబం పెద్దది. సవతి అన్న అలెగ్జాండరు వైద్యవిద్య చదివి, సిరియాదేశంలోని అలెప్పో నగరంలో ఆంగ్ల వర్తకులకు వైద్యుడుగా కుదిరినాడు. పాట్రిక్ సైతము ఎడింబరోలో వైద్యము చదివి 1750లో అన్నవద్దకు చేరుకొన్నాడు. మూడేండ్ల తరువాత అన్న స్వదేశానికి మరలిపోగా ఆ ఉద్యోగం తమ్మునికి లభించినది. ఆ విధంగా ప్రారంభమైన ప్రవాసం ఇంచుమించు ఇరవై ఏండ్లు సాగినది.

అలెప్పో ఆయనకు రెండవ పాఠశాల అయినది. ఆయన అరబ్బీ నేర్చినాడు. అంగళ్లలో, ఇండ్లలో, తోటలలో ప్రజలు మాట్లాడుకొనే మాటలను వినుట, మొక్కకు, జంతువుకు వారేమి పేరు పెట్టినారో అడిగి తెలిసికొనుట ఆయనకు అలవాటైనది. నగరపు పాషా ఆయనయందు గౌరవముంచి తలపాగా ధరించే అధికారాన్ని ప్రసాదించినాడు. విదేశీయునికి ఇది సామాన్యమైన మన్నన కాదు.

1760లో ఆ నగరంలో ప్లేగు ప్రవేశించి 1762 వరకు పీడించినది. ధనవంతులు తలుపులు బిగించుకొన్నారు, పరుగెత్తగలవారు పరుగెత్తినారు. రస్సెల్ నగరంలోనే నిలిచి రోగులను చూచినాడు. రోగం ఏ వీధిలో ముందు కనిపించినది, ఏ నెలలో హెచ్చినది, ఏ నెలలో తగ్గినది, ఏ వయస్సువారిని ఎక్కువగా బలిగొన్నది అనే వివరాలను నాటికి నాడు వ్రాసి ఉంచినాడు. మూడు దశాబ్దాల పిమ్మట 1791లో ప్లేగును గూర్చి ఆయన ప్రకటించిన ఉద్గ్రంథానికి ఆధారం ఆ వ్రాతలే. మశూచికము రాకుండుటకై అరబ్బు స్త్రీలు పిల్లలకు టీకా వేసే పూర్వాచారాన్ని విచారించి ఆయన పంపిన వృత్తాంతం 1768లో లండను రాయల్ సొసైటీ పత్రికలో వెలువడినది. పండితుల గ్రంథాలలో లేని జ్ఞానం పామరుల ఆచారాలలో ఉండవచ్చునని ఆయన అప్పటికే గ్రహించినాడు. విశాఖలో ఆయన చేసిన పనికంతకూ మూలము ఈ గ్రహింపే.

అన్న 1768లో మరణించినాడు. పాట్రిక్ 1771లో అలెప్పో విడిచి, దారిలో ఇటలీ, ఫ్రాన్సు రేవుపట్టణాలలో ప్లేగు నిరోధానికై ఓడలను నిలిపివుంచే ఏర్పాట్లను పరిశీలించి లండను చేరినాడు. అక్కడ వైద్యవృత్తి సాగించుచు, ప్రకృతిశాస్త్రంలో అందెవేసిన చేయియైన జోసెఫ్ బాంక్సు స్నేహాన్ని సంపాదించినాడు. 1777లో రాయల్ సొసైటీ సభ్యుడైనాడు. ఏబదియేండ్ల వయస్సు, కీర్తి కలదు, వృత్తి కలదు. ఇతరులైతే అక్కడనే స్థిరపడి ఉండేవారు.

అయితే 1781లో సోదరుడు క్లాడ్ రస్సెల్ తూర్పు ఇండియా కంపెనీ పక్షాన విశాఖపట్టణపు అధికారిగా నియమితుడై బయలుదేరినప్పుడు పాట్రిక్ ఆయనకు తోడుగా ఓడ యెక్కినాడు. వచ్చినది కుటుంబబాంధవ్యంతో. కాని వచ్చిన కొలదికాలానికే చేతికి పని దొరికినది.

ఆనాటి విశాఖపట్టణం చిన్న రేవు. సముద్రం ఎక్కడ చూచినను కనిపించేది జాలరుల తెప్పలు. మూడు నాలుగు తేలిక దుంగలను త్రాళ్లతో బిగించికట్టిన తెప్ప, మేకు లేకుండ పలకలను నారత్రాళ్లతో కుట్టిన మాసుల పడవ, ఇవి కోరమండల తీరపు వాహనాలు. కెరటం విరిగిపడే చోట విదేశీయుల బలమైన పడవలు బద్దలయ్యేవి. మనవారి తెప్ప మునిగి తేలి ముందుకు పోయేది. ఇసుకమీద చేపలు కుప్పపోసిన ప్రతి ఉదయమూ ప్రకృతి శాస్త్రజ్ఞునికి ఒక పుస్తకం తెరచి పెట్టినట్లే.

ఆ కాలంలోనే కంపెనీవారి కొలువులో యోహాన్ గెర్హార్డ్ కోయెనిగ్ అనే పండితుడుండేవాడు. ఆయన వృక్షశాస్త్రపితయైన లిన్నేయసు శిష్యుడు. 1768లో తరంగంబాడికి వచ్చి దక్షిణదేశపు మొక్కలను పరిశీలించినవాడు. ఆయన విశాఖలో రస్సెల్‌ను కలిసికొన్నాడు. 1785లో కాకినాడ సమీపాన రోగపీడితుడై మరణించినాడు. అప్పుడు కంపెనీవారు ఆయన స్థానంలో రస్సెల్‌ను ప్రకృతి శాస్త్రజ్ఞుడుగా నియమించినారు.

ఈ నియామకం వెనుక ఉన్న ఉద్దేశం జ్ఞానతృష్ణ ఒక్కటే కాదు. దేశంలో లభించే రంగులు, మందులు, నారలు, కలప వ్యాపారానికి ఎంతవరకు పనికివచ్చునో కంపెనీవారికి తెలియవలసి ఉన్నది. రస్సెల్ ఆ అవసరాన్ని కాదనలేదు. ఉపయోగకరమైన మొక్కలను దేశీయ చిత్రకారులచేత వ్రాయించి, వాటిని గూర్చి ప్రజలకు తెలిసినదంతయు సేకరించి అచ్చువేయించవలెనని ఆయన ప్రభుత్వానికి సూచించినాడు. ఆ సూచనను అనుసరించి సామర్లకోటలో ఉన్న విలియం రాక్స్‌బర్గు వ్రాసి పంపిన విషయమే తరువాత కోరమండల తీరపు మొక్కలు అనే మహాగ్రంథమైనది. 1795లో దాని ప్రకటన ప్రారంభమైనప్పుడు పీఠిక వ్రాసినవాడు రస్సెల్. మన జనుము మొదలుగా మున్నూరు మొక్కల చిత్రాలు అందులో ఉన్నవి.

ఈ జనుము మాట చేపల కథకు దూరమైనది కాదు. నైలాను దారం 20వ శతాబ్దపు నడిమి భాగంలోగాని మన తీరానికి రాలేదు. అంతవరకు జాలరి ప్రాణము, అతని కుటుంబపు భోజనము నూలుదారానికో, జనపనారకో వ్రేలాడుతూ ఉండేవి. దారము లావైనచో తెలివిగల చేప ఎరను ముట్టదు. సన్ననిదైనచో పెద్ద చేప తెంచుకొని పోతుంది. తడిలో నాని ఎండలో ఎండి నార పుచ్చిపోతుంది కనుక దానిని తుమ్మ మొదలైన చెక్కల కషాయంలో ముంచి పదును పెట్టేవారు. రాక్స్‌బర్గు కలకత్తా వృక్షవాటికకు అధిపతియైన తరువాత దేశంలోని నారలన్నిటితోను త్రాళ్లు పేనించినాడు. కొన్నిటిని ఊరకయు, కొన్నిటిని చెక్కకషాయం పట్టించియు, కొన్నిటికి తారు పూయించియు నెలల తరబడి నీటిలో నానబెట్టించి, బరువులు వ్రేలాడదీసి, ఏది ఎంత బరువునకు తెగునో లెక్క వ్రాసినాడు. జాలరి అనుభవంతో ఎరిగినదానిని శాస్త్రం తూకము వేసి చూచినదన్నమాట.

ఇక రస్సెల్ ముందున్న సమస్యలలో ఘోరమైనది పాముకాటు. పొలంలో రైతు, అడవిలో కొండవాడు, దండులో సిపాయి ఎందరో ఏటేట చనిపోతున్నారు. కాటువేసినది విషసర్పమా కాదా అన్నది ఎవరికీ నిశ్చయంగా తెలియదు. విషములేని పాము కరచినవాడు భయంతో కృశించును. విషసర్పం కరచినవాడు మంత్రములకై పరుగెత్తి కాలము పోగొట్టుకొనును. ఏ మందు నిజముగా పనిచేసినదో, ఏ రోగి మందు లేకున్నను బ్రతికి ఉండేవాడో తేల్చుటకు మొదట పాములను గుర్తుపట్టుట తెలియవలెను.

లిన్నేయసు పాములను పొట్టక్రింది పలకలను, తోకక్రింది పొలుసులను లెక్కించి విభజించినాడు. రస్సెల్ ఆ లెక్కలను శ్రద్ధగా చేసినాడు. కాని విషమున్నదో లేదో ఆ లెక్కలు చెప్పజాలవని ఆయనకు తోచినది. నోరు తెరచి కోరలు చూడవలెను. విషపు తిత్తి ఉన్నదేమో కోసి చూడవలెను. అదిగూడ చాలనప్పుడు పరీక్షించి చూడవలెను. కోళ్లను, కుక్కలను కరపించి ఎన్ని నిమిషాలకు ఏ లక్షణం కనిపించినదో ఆయన వ్రాసి ఉంచినాడు. ఆ మూగజీవుల బాధ నేటి పాఠకుని మనస్సును కలచివేస్తుంది. ఆ యుగపు శాస్త్రజ్ఞులు దానిని తప్పని ఎంచలేదు. మనము ఆ సంగతిని కప్పిపుచ్చవలసిన పని లేదు.

అప్పట్లో తంజావూరు మాత్ర అనే మందు పాముకాటుకు దివ్యౌషధమని పేరు పొందినది. అందులో పాషాణము ఒక భాగం. రస్సెల్ ఆ మాత్రను సైతము పరీక్షలో పెట్టినాడు. వినికిడిని ప్రమాణంగా తీసికొనక, కాటువేసిన పాము ఏది, ఎంత విషము ఎక్కినది, మందు ఎప్పుడు ఇచ్చినారు అనే ప్రశ్నలను ముందుంచుట ఆయన పద్ధతి. పాముకాటుకు నిజమైన విరుగుడు వచ్చుటకు మరి నూరేండ్లు పట్టినది. విషాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకు ఎక్కించి వాటి రక్తపు ద్రవంనుండి మందు తీసే విధానం 1890 దశకంలో వెలువడినది. నేడు మన ఆసుపత్రులలో ఇచ్చే మందు నాలుగు పాముల విషానికి విరుగుడు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. ఏ పాములకు మందు కావలెనో తెలియుటకు ముందు ఆ పాములను వేరుచేసి చూపినవారు కావలెను. ఆ వరుసలో తొలివారిలో రస్సెల్ ఒకడు.

నాగుపాము తరువాత అంతటి ప్రమాదకరమైనదిగా ఆయన ఎన్నిన పాము మన రక్తపింజర. దానికి విశాఖప్రాంతంలో ఆయన విన్న పేరు కాటుకరేకుల పొడ. ఎంత చక్కని పేరు! పొడ అనగా మచ్చ. ఒంటిమీది మచ్చలచుట్టూ కాటుకతో రేకులు దిద్దినట్లు నల్లని అంచులుంటవి. చూచినవాడెవడో కవియై ఉండవలెను. రస్సెల్ ఆ పేరును ఆంగ్లలిపిలో యథాతథంగా వ్రాసినాడు. తన పేరు పెట్టుకొనలేదు. 1797లో జార్జి షా అనే పండితుడు ఆ పామునకు రస్సెల్ పేరు చేర్చినాడు. ఆ గౌరవం కారణంగా కాటుకరేకుల పొడ మరుగునపడినది. మరొక పాము విషయంలో తెలుగు నిలిచినది. పసుపు, నలుపు పట్టెలుగల బంగారుపామును రస్సెల్ ఆ పేరుతోనే వర్ణించినాడు. 1803లో దొదాన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆ మాటనుండి బంగారస్ అనే జాతినామం కల్పించినాడు. ప్రపంచంలో ఏ మూల కట్లపామును గూర్చి వ్రాసినను నేడు ఆ తెలుగుమాట వ్రాయక తప్పదు.

పాముల పనితో సమానంగా చేపల పనియు జరిగినది. జాలరులు తెచ్చిన చేపను చిత్రకారుడు రంగు మారకముందే చూచి గీయవలెను. పాము చచ్చిన తరువాత ఆగును, చేప ఆగదు. రెక్కల ముండ్లెన్ని, పండ్లు ఎట్లున్నవి, పొలుసు పెద్దదా చిన్నదా అనే వివరాలను వైద్యుడు వ్రాయవలెను. ఆపై దాని పేరేమని అడుగవలెను. ఇట్లు ఇన్నూరు చేపలు కాగితమెక్కినవి. సముద్రపు చేపలతోబాటు నదుల చేపలకును అందులో స్థానం కలిగినది.

ఆ చేపలలో రెంటిని గూర్చి ప్రత్యేకంగా చెప్పుకొనవలెను. రస్సెల్ జన్మించిన స్కాట్లండు సరస్సులలో పైక్ అనే మంచినీటి చేప ఉన్నది. పొడవైన ఒళ్లు, బాతుముక్కువంటి మూతి, నోటినిండ వాడిపండ్లు. నాచుమాటున కదలక పొంచి ఉండి ఒక్కసారిగా బాణమువలె దూకి చిన్నచేపను పట్టును. సన్నని పడవలలో పోయి దానిని వేటాడే ఆంగ్లేయులకు మొదటినుండి ఉన్న చిక్కు దారముదే. గుర్రపు వెంట్రుకలతో పేనిన ఆనాటి దారాన్ని ఆ పండ్లు క్షణంలో కోసివేస్తవి. కనుక గాలానికి దగ్గరగా లోహపు తీగ కట్టుట 17వ శతాబ్దం నాటికే వారిలో ఆచారమైనది.

మన తీరపు సముద్రంలో ఇటువంటి వేటగాడు మరొకడున్నాడు. దాని పేరును రస్సెల్ జెల్లో అని వ్రాసికొన్నాడు. ఇదియు బాణమువంటిదే, క్రింది దవడ ముందుకు పొడుచుకొని వచ్చి, కత్తులవంటి పండ్లు కలిగి ఉంటుంది. ఆంగ్లేయులు ఇటువంటి చేపలను సముద్రపు పైక్ అనుట కలదు. లిన్నేయసంతటివాడే 1758లో ఈ జాతి యూరపు చేపను పైక్ జాతిలో చేర్చినాడు. తరువాతివారు రెంటికీ చుట్టరికం లేదని, ఒకే వృత్తి అవలంబించుటచేత ఒకే రూపం వచ్చినదని తేల్చినారు. పైక్‌కు వీపురెక్క ఒక్కటే, అదియు తోకకు చేరువగా ఉండును. జెల్లోకు వీపున రెండు రెక్కలు, ఒకదానికొకటి ఎడముగా ఉండును. జీవించే తీరు శరీరాన్ని ఎట్లు దిద్దునో ఈ రెండు చేపలు చూపుతవి. రెంటినీ పట్టే జాలరుల ఉపాయం సైతము ఒకటే: దారము చివర తీగ. స్కాట్లండు పడవవాడు, విశాఖ తెప్పవాడు ఒకరినొకరు చూడకుండగనే ఒకే జవాబు కనుగొన్నారు.

రెండవది మన నదులలోను చెరువులలోను ఉండే వాలుగ. పొలుసు లేని నున్నని ఒళ్లు, కంటిని దాటి చీలిన నోరు, ఆకలికి అంతు లేదు. మంచినీటిలో పైక్ చేసే పనిని మన దేశంలో వాలుగ చేస్తుంది. రస్సెల్ దీని పేరును వల్లగూ అని వ్రాసినాడు. ఉచ్చారణ వినిన చెవి విదేశీయునిది. వ్రాసిన లిపి పరాయిది. కాబట్టి మాట కొంత వంకరపోయినది. ఐనను చచ్చిపోలేదు. 1851లో జావాద్వీపంలో పనిచేస్తున్న బ్లీకర్ అనే డచ్చి వైద్యుడు వల్లగో అనే జాతినామాన్ని స్థిరపరచినాడు. ఇప్పుడు బర్మాలోను సయాములోను శాస్త్రజ్ఞులు ఆ చేపను మన తెలుగుపేరుతోనే పిలుస్తున్నారు.

1789 జనవరిలో రస్సెల్ తన బాధ్యతలను రాక్స్‌బర్గుకు అప్పగించి మదరాసులో ఓడ యెక్కినాడు. అరువదియేండ్లు దాటినవి. విశ్రాంతి కోరదగిన వయస్సు. కాని ఆయన గ్రంథాలలో అధికభాగం ఆ తరువాత వెలువడినవే. 1791లో ప్లేగు గ్రంథం. 1794లో అన్న వ్రాసిన అలెప్పో చరిత్రను పెంచి సరిదిద్దిన రెండవ కూర్పు. 1796లో కోరమండల తీరపు పాములు. 1803లో విశాఖపట్టణపు చేపలు రెండు సంపుటాలు. వివాహమాడలేదు. అన్న విడిచిన పనిని, కోయెనిగ్ విడిచిన పనిని, తాను మొదలిడిన పనిని వరుసగా ముగించుటయే ఆయన గృహస్థధర్మమైనది. 1805 జూలై 2వ తేదీన లండనులో మరణించినాడు. పాముల గ్రంథపు రెండవ భాగం పూర్తిగా అచ్చైవచ్చుట ఆయన చూడలేదు.

చేపల గ్రంథానికి గౌరవం ఫ్రాన్సులో లభించినది. జంతుశాస్త్రంలో చక్రవర్తివంటి కువియే రస్సెల్ చిత్రాలను ముందుంచుకొని చేపలకు పేర్లు పెట్టినాడు. జెల్లో 1829లో శాస్త్రనామమైనది. ఆ సంవత్సరమే గొరక అనే చేప గువోరకా అయినది. 1832లో తోలుపార అనే చేపనుండి టోల్ అనే పేరు వచ్చినది. మన పొలసచేపకు సైతము 1829లో పలసా అనే పేరు పెట్టినాడు. కాని అంతకు ఏడేండ్లు ముందుగా 1822లో హామిల్టన్ అనే వైద్యుడు గంగాతీరపు వాడుకనుబట్టి దానిని ఇలీషా అని వ్రాసి ఉన్నాడు. మొదట అచ్చైన పేరుదే హక్కు అన్నది శాస్త్రధర్మం. అందుచేత పొలస ఓడినది, వంగదేశపు ఇలీష్ గెలిచినది. రస్సెల్ 1803లోనే తెలుగుపేరు అచ్చువేసినను దానికి లాటిను రూపం ఇచ్చి పేరుగా స్థాపింపలేదు. వ్రాసి ఉంచుట వేరు, విధిపూర్వకంగా నిలుపుట వేరు. ఈ చిన్న తేడాలో ఒక మాట భవిష్యత్తు మారిపోయినది.

రస్సెల్‌ను ఋషిగా చిత్రింపవలసిన పని లేదు. ఆయన కంపెనీ కొలువులో ఉన్నాడు. ఆ కంపెనీ ఈ దేశంలో ఏమి చేసినదో మన పిల్లలు చరిత్రలో చదువుతూనే ఉన్నారు. పుస్తకపు ముఖపత్రంమీద ఆయన పేరు ఒక్కటే ఉన్నది. అర్ధరాత్రి తెప్పలెక్కి చేపలు తెచ్చినవారి పేర్లు, రంగు వాడకముందే కుంచె కదిపినవారి పేర్లు, ఇది తోలుపార, ఇది వాలుగ అని విసుగులేక చెప్పినవారి పేర్లు అక్కడ లేవు. ఇది నిజము. కాని ఆయన ఒక పని చేయలేదు. చెప్పినవారి మాటను త్రోసివేసి తన మాట పెట్టలేదు. చిత్రము క్రింద వారి మాటనే ఉంచినాడు. చెప్పినవారు అనామకులైనను చెప్పిన మాట బ్రతికినది. ఆ కాలపు అధికారులలో ఇంతటి వినయం గలవారు అరుదు.

ఇప్పుడు ఆలోచింపవలసినది మనము. ఆనాడు విదేశీయుడు చెవియొగ్గి వినిన పేర్లను ఈనాడు మన బడిపిల్లలు ఎందరు చెప్పగలరు? పాఠ్యపుస్తకంలో చేప ఒక్క మాట. దాని శరీరభాగాలు పటములో ఉంటవి. పరీక్షలో వాటికి మార్కులుంటవి. భీమిలి తీరపు జాలరి బిడ్డకు పార జాతులలో ఏది ఏదో చూడగానే తెలియును. అరకులోయలో గెడ్డలలో రాళ్లకట్ట వేసి, వెదురుబుట్ట ఒడ్డి చేపలు పట్టే గిరిజన బాలునికి ఏ చేప ఏ నెలలో ఎదురెక్కునో తెలియును. బడిలో అడుగు పెట్టగానే ఆ ఇద్దరును ఏమియు తెలియనివారిగా కూర్చుంటున్నారు. వారికి తెలిసినదానిని అడిగేవారు లేరు. అడుగని జ్ఞానము ఒక తరములో మౌనమగును, మరుతరములో మాయమగును. నైలాను దారం వచ్చిన తరువాత ఏ నారకు ఏ చెక్క కషాయం పట్టించవలెనో తెలిసినవారు తగ్గిపోయినట్లే, పేర్లు తెలిసినవారును తగ్గిపోతున్నారు.

ఉపాధ్యాయులు తలచుకొన్నచో ఇందుకు కంపెనీ కొలువు అక్కరలేదు. రెండు సంపుటాల గ్రంథం అక్కరలేదు. ఒక నోటుపుస్తకం చాలును. ఒక్కొక్క విద్యార్థి తన ఇంటి పెద్దల నోట విన్న చేపపేరు, పాముపేరు, చెట్టుపేరు ఒక్కొక్కటి తెచ్చి అందులో వ్రాసిన ఏడాది తిరిగేలోపున ఆ ఊరి ప్రకృతి అంతయు అక్షరరూపం పొందును. మాట ఏ ఊరిది, చెప్పినవారెవరు అన్నది కూడ ప్రక్కన వ్రాయుట మరువరాదు. రస్సెల్ గ్రంథంలో లోటుగా మిగిలినది అదే కనుక, దానిని పూరించుట మన వంతు.

విశాఖ రేవులో నేటికీ చేపలు దిగుతున్నవి. దుంగల తెప్పల స్థానంలో యంత్రపు పడవలు వచ్చినవి. కొండలమీది సంతకు ఎండుచేప ఇంకను పోతూనే ఉన్నది. ఆ బుట్టలలో కొన్నిటి పేర్లు పారిస్ నగరపు గ్రంథాలలో ఉన్నవని అమ్మే అవ్వకు తెలియదు, కొనే కొండపడుచుకు తెలియదు. తెలియజేయవలసినవారు చదువుకొన్నవారు.